బొంబాయి తల్లుల పాలిపోయిన ముఖాలు చూసి... లూసీ విల్స్ జీవితం

మన బడుల్లో చాలాచోట్ల పిల్లలకు వారానికోసారి ఒక చిన్న మాత్ర ఇస్తున్నారు. చిన్న తరగతుల వాళ్ళకు గులాబి రంగుది, పెద్ద తరగతుల వాళ్ళకు నీలం రంగుది. గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చేది ఎరుపు రంగుది. రంగు ఏదైనా లోపల ఉండేవి రెండే: ఒకటి ఐరన్, రెండోది ఫోలిక్ యాసిడ్. ఐరన్ సంగతి అమ్మమ్మలకు కూడా తెలుసు. రెండోదాని వెనక ఒక స్త్రీ జీవితం ఉంది. ఆమె ఇంగ్లండులో పుట్టినా ఆ పని మొదలైంది మన దేశంలోనే, బొంబాయి బట్టల మిల్లుల మధ్య, కూనూరు కొండల మీద, మద్రాసు ఆసుపత్రిలో. ఆ పనికి ముగింపు పలికినవారిలో ముఖ్యుడు మన భీమవరం బిడ్డ. అందుకే ఈసారి మన పేజీలో లూసీ విల్స్ జీవితాన్ని చెప్పుకుందాం.

పట్టా ఇవ్వని చదువు

లూసీ విల్స్ 1888 మే 10న బర్మింగ్‌హామ్ నగరం దగ్గరి సటన్ కోల్డ్‌ఫీల్డ్‌లో పుట్టారు. కలిగిన కుటుంబం. తండ్రి సైన్సు చదివినవారు. తల్లి బర్మింగ్‌హామ్‌లో పేరున్న వైద్యుడి కూతురు. ఆ ఇంట్లో ఆడపిల్లకు చదువెందుకన్న మాట రాలేదు. ఆడపిల్లలకు సైన్సు, లెక్కలు గట్టిగా చెప్పే బడులు ఆ దేశంలోనూ అప్పుడు తక్కువే. అలాంటివాటిలో ఒకటైన చెల్టెన్‌హామ్ బాలికల కళాశాలలో ఆమెను చేర్చారు. అక్కడి నుంచి 1907లో కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కళాశాలకు వెళ్ళి వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివారు. 1911లో పరీక్షలు పూర్తిచేశారు.

పరీక్ష రాయనిచ్చారు గానీ పట్టా ఇవ్వలేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం స్త్రీలకు పూర్తి పట్టాలివ్వడం 1948లో గానీ మొదలుకాలేదు. అప్పటికి లూసీకి అరవై ఏళ్ళు. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు మనం వెనకబడిన దేశాల పేర్లే తలుచుకుంటాం. ఆ రోజుల్లో కేంబ్రిడ్జి కూడా ఇలాగే ఉండేదని మన పిల్లలకు చెప్పాలి.

చదువు అయిన ఏడాదే తండ్రి పోయారు. రెండేళ్ళకు తోబుట్టువు పోయింది. ఏం చేయాలన్న నిర్ణయం కుదరక ఆమె సిలోను, తర్వాత దక్షిణాఫ్రికా వెళ్ళారు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి ఆమె దక్షిణాఫ్రికాలో ఉన్నారు. కేప్‌టౌన్‌లో కొన్ని వారాలు స్వచ్ఛందంగా నర్సు పని చేశారు. దారి అక్కడే దొరికింది. వెంటనే లండన్ తిరిగివచ్చి 1915లో స్త్రీల వైద్య కళాశాలలో చేరారు. బ్రిటన్‌లో స్త్రీలకు వైద్యం నేర్పిన మొదటి కళాశాల అదే. 1920లో డాక్టరయ్యేసరికి ఆమెకు 32 ఏళ్ళు. రోగులను చూసే ప్రాక్టీసు పెట్టలేదు. రాయల్ ఫ్రీ ఆసుపత్రి ప్రయోగశాలలో చేరి గర్భిణుల శరీరంలో వచ్చే మార్పుల మీద పరిశోధనకు కూర్చున్నారు.

పరేల్ మిల్లుల మధ్య

1928లో ఆమెకు బొంబాయి నుంచి పిలుపు వచ్చింది. పిలిచినవారు డాక్టర్ మార్గరెట్ బాల్ఫోర్. భారతదేశంలో ఎన్నో ఏళ్ళు పనిచేసిన వైద్యురాలు. కాన్పుల్లో తల్లులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి అప్పుడు ఒక విచారణ నడుస్తోంది. బొంబాయి పరేల్‌లోని హాఫ్‌కిన్ సంస్థ దానికి కేంద్రం.

పరేల్ అంటే అప్పుడు మిల్లుల పొగగొట్టాల ఊరు. మహారాష్ట్రలోని మన పాఠకులకు ఆ పేటలు కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి వలసవెళ్ళిన పద్మశాలీ కుటుంబాలెన్నో ఆ మిల్లుల్లో మగ్గాల దగ్గర నిలబడి బతికాయి. కామాఠీపురా అన్న పేరు కూడా అంతకుముందు కూలిపనికి వెళ్ళిన తెలుగు కామాఠీల వల్ల వచ్చిందే. పని ఎక్కువ, కూలి తక్కువ, ఒక్క గదిలో పదిమంది కాపురం. మిల్లుల పేదలందరిదీ ఒకటే బతుకు.

ఆ పేద ఇళ్ళ గర్భిణుల్లో ఒక రకం రక్తహీనత కనిపించేది. ముఖం తెల్లగా పాలిపోయేది. నాలుక పుండయ్యేది. తిండి సయించదు, విరేచనాలు ఆగవు, అడుగు తీసి అడుగు వేయలేరు. నెలలు నిండే వేళకు ఒంట్లో రక్తం సగానికి సగం కూడా ఉండేది కాదు. చాలామంది కాన్పుకు ముందో, కాన్పయిన కొద్ది రోజులకో చనిపోయేవారు. సూక్ష్మదర్శిని కింద వారి రక్తం చూస్తే ఎర్రకణాల సంఖ్య బాగా తక్కువ. ఉన్న కణాలు మాత్రం మామూలు కంటే పెద్దవి. ఐరన్ తక్కువైతే కణాలు చిన్నవవుతాయి. ఇక్కడ తిరకాసుగా పెద్దవయ్యాయి. ఐరన్ ఇచ్చినా పెద్దగా లాభం ఉండేది కాదు.

సూక్ష్మజీవుల వల్ల జబ్బులు వస్తాయన్న సంగతి అప్పటికి బాగా స్థిరపడింది. అందుకని ఏదో క్రిమి దీనికి కారణమై ఉంటుందన్న అనుమానం సహజంగానే ఉండేది. లూసీ విల్స్ ఆ దారినీ వెతికారు. దానితోపాటు ఇంకో పని చేశారు. ఈ తల్లులు రోజూ ఏం తింటున్నారు, ఎలాంటి ఇళ్ళలో ఉంటున్నారు అని ఆరా తీయడం మొదలుపెట్టారు. మెహతా, తల్పడే వంటి భారతీయ సహచరులు ఆ పనిలో ఆమెకు తోడు. బొంబాయి స్త్రీల తిండి, పరిసరాల మీద తల్పడేతో కలిసి చేసిన సర్వే 1930లో అచ్చయింది.

లెక్క స్పష్టంగా తేలింది. కలిగిన ఇళ్ళ స్త్రీలలో ఈ జబ్బు అరుదు. పేదల్లో ఎక్కువ. ఎవరి పళ్ళెంలో తిండి అన్నిటికంటే నాసిగా ఉందో, ఆ పేద ముస్లిం కుటుంబాల స్త్రీలలో ఇంకా ఎక్కువ. పళ్ళెంలో ఏదో ఒకటి లేదు. ఆ లేనిదేమిటో పట్టుకోవాలి.

కూనూరులో ఎలుకలు, ఆపైన కోతులు

1929 ఎండాకాలం నుంచి కొన్ని నెలలు ఆమె నీలగిరిలోని కూనూరులో పనిచేశారు. అక్కడి పాశ్చర్ సంస్థలో రాబర్ట్ మెకారిసన్ పోషకాహార పరిశోధనలు నడిపేవారు. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తర్వాత తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయింది.

అక్కడ ఎలుకలకు బొంబాయి పేద స్త్రీలు తినే తిండిలాంటిదే పెట్టారు. చూలు ఎలుకలకు రక్తం తగ్గింది. ఈనక ముందే చనిపోయాయి. రుజువు దొరికినట్టే అనిపించింది. కానీ ఎలుకల ఒంటి మీది పేల వల్ల సోకే ఒక సూక్ష్మజీవి కూడా రక్తహీనత తెస్తుందని తేలింది. దేనివల్ల ఏది వచ్చిందో విడదీయడం కష్టమై, ఎలుకల ప్రయోగం అనుకున్నంత గట్టి సాక్ష్యం కాలేకపోయింది. అయినా దానిలో ఒక జాడ మిగిలింది. తిండిలో ఈస్ట్ కలిపిన ఎలుకలు తట్టుకున్నాయి.

తర్వాత కోతుల మీద ప్రయోగాలు జరిగాయి. పేదల తిండి పెట్టిన కోతులకు, ఆ తల్లుల రక్తంలో కనిపించిన లాంటి రక్తహీనతే వచ్చింది. వాటికి మార్మైట్ పెడితే కోలుకున్నాయి. మార్మైట్ మందు కాదు. బీరు తయారీలో మిగిలిపోయే ఈస్ట్ నుంచి తీసిన, జిగటగా, ఉప్పగా ఉండే నల్లని పదార్థం. ఇంగ్లండులో రొట్టె మీద పలచగా రాసుకు తింటారు. సీసా ధర కూడా తక్కువే.

ఇక మిగిలింది తల్లులకు ఇచ్చి చూడటం. బొంబాయిలో జబ్బుపడ్డ గర్భిణులకు మార్మైట్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆకలి తిరిగివచ్చింది. రక్తంలో లేత ఎర్రకణాలు పుట్టుకొచ్చాయి. కాళ్ళీడ్చుకుంటూ వచ్చినవాళ్ళు లేచి తిరిగారు. 1931లో ఈ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి. ఆ ఏడాది మొదట్లో ఆమె మద్రాసు ట్రిప్లికేన్‌లోని గోషా ఆసుపత్రిలో కూడా పనిచేశారు. ఇప్పుడు దాన్నే కస్తూర్బా గాంధీ ఆసుపత్రి అంటున్నాం.

ఇక్కడ ఆమె సూక్ష్మబుద్ధిని చూపే సంగతి ఒకటి ఉంది. పెర్నీషియస్ అనీమియా అనే ఇంకో మొండి రక్తహీనతకు కార్జం తినిపిస్తే నయమవుతుందని 1926లో అమెరికా వైద్యులు చూపించారు. ఆ కార్జం నుంచి మందు శుద్ధిచేసి తీస్తున్నారు. బొంబాయి తల్లులకు ముడి కార్జం సారం ఇస్తే పనిచేసింది. శుద్ధిచేసిన మందు ఇస్తే పనిచేయలేదు. అంటే వీరికి లోపించింది ఆ జబ్బుకు లోపించినది కాదు, వేరే ఇంకొకటి అని ఆమె గ్రహించారు. రెండూ కార్జంలో ఉన్నాయి. శుద్ధిచేసేటప్పుడు ఒకటి మిగిలి, రెండోది పోతోంది. ఆ మొదటిది బి-12 అని 1948లో తేలింది. రెండోదానికి పేరు పెట్టడానికి పదేళ్ళు పట్టింది. అందాకా శాస్త్రజ్ఞులు దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అని పిలిచారు.

భీమవరం నుంచి వచ్చిన చేయి

1941లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుంచి కొద్దిపాటి పదార్థం తీసి, ఆకు అని అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి ఫోలిక్ యాసిడ్ అని పేరుపెట్టారు. కానీ టన్నుల ఆకు నుంచి చిటికెడు తీస్తే ఎంతమంది తల్లులకు సరిపోతుంది? దాన్ని ప్రయోగశాలలో తయారుచేయడం తెలియాలి.

ఆ పని న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలలో జరిగింది. పరిశోధనలకు నాయకత్వం వహించినవారు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో అమెరికా వెళ్ళిన మన తెలుగువాడు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్న పురుషోత్తాన్ని పొట్టన పెట్టుకుంది. ఆయన కూడా దాని బారిన పడి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. ఒంట్లోకి పోషకాలు ఎక్కకుండా చేసి రక్తాన్ని పీల్చేసే జబ్బు అది. 1945లో సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. కార్జం నుంచి, ఈస్ట్ నుంచి అందరూ వెతుకుతున్న పదార్థం ఇదేనని తేలింది. స్ప్రూ రోగుల రక్తహీనతకూ ఇదే మందయింది. బొంబాయి తల్లుల దగ్గర లూసీ విల్స్ మొదలుపెట్టిన వెతుకులాటకు ఒక తెలుగువాడి బృందం తుది మెట్టు కట్టింది.

కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అది లేకపోతే కణం పెరుగుతుంది గానీ చీలదు. ఆ తల్లుల రక్తంలో కణాలు పెద్దవిగా, తక్కువగా ఉన్నది అందుకే. గర్భిణి ఒంట్లో బిడ్డ పెరగాలి, మాయ పెరగాలి, ఆమె రక్తమూ పెరగాలి. మామూలు స్త్రీకి రోజుకు 220 మైక్రోగ్రాములు చాలితే, గర్భిణికి 570, పాలిచ్చే తల్లికి 330 కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క.

ఇంకో సంగతి 1991లో బయటపడింది. బిడ్డ వెన్నెముక, మెదడు సరిగా మూసుకోకుండా పుట్టే లోపాన్ని కూడా ఫోలిక్ యాసిడ్ చాలావరకు ఆపుతుందని బ్రిటన్ నేతృత్వంలో ఏడు దేశాల్లో జరిగిన పరీక్షలో రుజువైంది. అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లుల్లో, లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. ఆ వెన్ను మూసుకునేది గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే. చాలామందికి తాము గర్భవతులమన్న సంగతి అప్పటికింకా తెలియదు. అందుకే ఆడపిల్ల ఒంట్లో ఈ నిల్వ పెళ్ళికి ముందు నుంచే ఉండాలి.

పేరు కోసం ఆగని మనిషి

లూసీ విల్స్ 1933 దాకా భారతదేశంలో పనిచేశారు. 1937 చివర్లో మళ్ళీ కొన్నాళ్ళు హాఫ్‌కిన్ సంస్థకు వచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నా రాయల్ ఫ్రీ ఆసుపత్రి ప్రయోగశాలను నడిపారు. 1944లో ఆ ఆసుపత్రి మీదే బాంబు పడింది. పని ఆగి మళ్ళీ మొదలైంది. అక్కడి రక్తవ్యాధుల విభాగాన్ని నిలబెట్టింది ఆమే. 1947లో రిటైరయ్యాక కూడా ఊరుకోలేదు. జమైకా, ఫిజీ వంటి చోట్లకు వెళ్ళి తల్లుల తిండి, రక్తహీనత మీదే పని చేశారు. చివరి పదేళ్ళలో లండన్ చెల్సీ పేటకు కౌన్సిలర్‌గా సేవ చేశారు. పెళ్ళి చేసుకోలేదు. సైకిలు మీద పనికి వెళ్ళేవారు, కొండలెక్కేవారు. 1964 ఏప్రిల్ 16న కన్నుమూశారు.

మాత్ర చేరినా నోటికి చేరలేదు

మన దేశంలో గర్భిణులకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలిచ్చే కార్యక్రమం 1970లో మొదలైంది. యాభై ఏళ్ళు దాటినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం గర్భిణుల్లో సగం మందికి పైగా, నూటికి 52 మందికి, రక్తహీనత ఉంది. నాలుగో నెల నుంచి 180 రోజులు రోజుకొకటి చొప్పున మాత్ర వేసుకోవాలి. అన్నీ వేసుకున్నవారు నూటికి 26 మందే. మాత్ర ఇంటి దాకా వస్తోంది. అక్కడ అలమరలో ఆగిపోతోంది.

ఎందుకు ఆగుతోందో మన ఇళ్ళలో చూస్తే తెలుస్తుంది. వికారంగా ఉంటుంది, మలం నల్లగా వస్తుంది, భయపడి మానేస్తారు. నల్లగా రావడం ఐరన్ వల్లే, ప్రమాదం లేదు. వికారం ఉంటే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చు. టీ, కాఫీలతో వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్ళు, ఉసిరి మేలు. మాత్ర మింగితే బిడ్డ నల్లగా పుడుతుందన్న మాట ఉత్త అపోహ. కాన్పయ్యాక ఇంకో 180 రోజులు వేసుకోవాలన్న సంగతి చాలా ఇళ్ళలో తెలియనే తెలియదు. బిడ్డ చేతికొచ్చాక తల్లి మాత్ర గురించి అడిగేవాళ్ళుండరు.

తిండి సంగతి కూడా. లూసీ విల్స్ వెతికిన పదార్థం మన కూరల సంచిలోనే ఉంది. పాలకూర, తోటకూర, మునగాకు, గోంగూర, పెసలు, శనగలు, మినుములు, వేరుశనగలు, గుడ్డు, తినేవాళ్ళకు కార్జం. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే ఫోలిక్ యాసిడ్ నీళ్ళతో పోతుంది. పప్పులో వేసి ఆ నీటితోనే వండుకోవాలి. కొన్ని ఇళ్ళలో బాలింతకు పథ్యం పేరుతో నెల రోజులు కారప్పొడి అన్నమే పెడతారు. ఆకుకూర చలవ అని, పప్పు వాతమని మానిపిస్తారు. కాయం తినిపించండి, వెల్లుల్లి కారం పెట్టండి, ఎవరూ కాదనరు. కానీ రక్తం పోయి, పాలిస్తున్న మనిషి పళ్ళెంలోంచి పప్పు, ఆకుకూర తీసేయకండి.

మనం ఉన్న రాష్ట్రాల్లో సాయం ఉంది. కర్ణాటకలో మాతృపూర్ణ కింద గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో రోజూ వేడి భోజనం ఉంది. తమిళనాడులో ముత్తులక్ష్మీరెడ్డి పథకం, ఒడిశాలో మమత పథకం ఉన్నాయి. మహారాష్ట్రలో, యానాంలో కూడా అంగన్‌వాడీల ద్వారా పోషకాహారం ఇస్తారు. మనకున్న చిక్కు ఇంకొకటి. తల్లీబిడ్డల కార్డు, మాత్రల అట్ట మీది సూచన కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటాయి. తెలుగు మాత్రమే చదవగలిగిన అమ్మకు, అక్షరమే రాని నాయనమ్మకు అవి ఎవరు చదివి చెప్పాలి? రెండు భాషలూ చదవగలిగింది మన బడిపిల్లలే.

ఉపాధ్యాయులకు మా మనవి. ఈ నెలలో ఒక్క పీరియడు దీనికి కేటాయించండి. ఇంట్లోనో, వీధిలోనో గర్భిణి, బాలింత ఉన్న పిల్లల చేత ఆ కార్డు తెచ్చి చదివించండి. ఎన్ని మాత్రలిచ్చారు, ఎన్ని మిగిలాయి, ఎప్పటిదాకా వేసుకోవాలి అన్నది తెలుగులో ఒక కాగితం మీద రాయించి వంటింటి గోడకు అంటించమనండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. బడిలో మీ అమ్మాయికి నీలం మాత్ర ఇచ్చిన రోజు, మింగావా అని అడగండి. రేపు తల్లయ్యేది ఆమే.